రేడియేటరులో గోదావరి

మా బాబాయి కారు తాళాలు నా చేతిలో పెట్టే ముందు మూడు షరతులు పెట్టాడు. బండి అరవై దాటకూడదు. చీకట్లో నడపకూడదు. రేడియేటరులో కాలవ నీళ్లో చెరువు నీళ్లో తప్ప బోరు నీళ్లు చుక్క కూడా పొయ్యకూడదు. మొదటి రెండూ ఏ ఇంట్లో పెద్దవాళ్లైనా చెప్పేవే. ఆ మూడోదాని వల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రయాణం ఊరూరూ, ఇల్లిల్లూ నాకు గుర్తుంది.

1987 సంక్రాంతి. విజయవాడలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో అందరికీ ఊళ్ల పేర్లే పేర్లు కాబట్టి ఇక్కడా వాళ్లని అలాగే పిలుస్తాను: గుడివాడ, తెనాలి, అమలాపురం. అమలాపురం వాడి అసలు ఊరు అంబాజీపేట దగ్గర ఒక పల్లె. నాలుగేళ్లుగా వాడు ఒకటే పోరు: "కనుమనాడు మా జగ్గన్నతోట ప్రభలు చూడకపోతే మీరు పుట్టీ దండగేరా." ఆ ఏడు దాటితే మళ్లీ నలుగురం కలిసి వెళ్లేది ఎప్పుడో తెలియదు. ధైర్యం చేసి బాబాయిని కారడిగాను. ఇస్తాడనుకోలేదు. ఇచ్చాడు.

అది 1968 మోడల్ ఫియట్. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు అటునుంచి ఇటు బల్లలా ఒకటే, కాబట్టి ముగ్గురం ముందే కూర్చుని, ఒకడు వెనక సీటంతా పరుచుకుని పడుకునేవాడు. వంతులేసుకున్నాం. ఆ బండికి ముందున్న ఆసామి ఎవరో పెరట్లో బోరు నీళ్లు పోసి పోసి రేడియేటరు గొట్టాలకి లోపలంతా సున్నం పట్టించాడు. దారిలో ఉన్నట్టుండి వేడెక్కి ఆవిరి కక్కేది. ఆగాలి. బానెట్ ఎత్తాలి. చల్లారేదాకా కూర్చోవాలి. తడి తుండుగుడ్డతో మూత పట్టుకుని కొంచెం కొంచెం తిప్పి, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవాలి. నేను ఆ డెల్టాని చూసిందంతా అలా ఆగినప్పుడే.

భోగికి ముందురోజు తెల్లవారాక బయల్దేరాం. కంకిపాడు మీదుగా గుడివాడ దారి. మంచు ఇంకా చేల మీదే ఉంది. మా కృష్ణా జిల్లాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందే నిలబడి ఉన్న చేలో మినుము చల్లేస్తారు. కోతలయ్యాక మిగిలిన పదునుకే అది మొలిచి పెరుగుతుంది, వేరే తడి అక్కర్లేదు. జనవరికి వరి మోళ్ల మధ్య జానెడు ఎత్తున ముదురాకుపచ్చ పరుచుకుని ఉంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే అయినా, కారు కిటికీలోంచి, అదీ నేను నడుపుతున్న కారు కిటికీలోంచి చూడటం వేరు. గుడివాడలో వాడి అమ్మగారు అరిసెల డబ్బా ఒకటి, జంతికల డబ్బా ఒకటి వెనక సీట్లో పెట్టి, పొలిమేర దాటేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

ముదినేపల్లి దగ్గర మొదటిసారి ఆవిరి కక్కింది. పక్కనే కాలవ. తెనాలి వాడు పాంటు మడిచి దిగి నూనె డబ్బాతో ముంచుకొచ్చాడు. కాలవ గట్టున తాటిచెట్లు, అవతల గడ్డిమేట్లు, రోడ్డు మీదే కళ్లం చేసి ధాన్యం ఆరబోస్తున్న ఆడవాళ్లు. ఊళ్లో పెంకుటిళ్ల మీద అక్కడక్కడ కొత్తగా టీవీ యాంటెన్నాలు లేస్తున్న రోజులవి. మేం తిరిగొచ్చిన వారం పది రోజులకి దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఆ తర్వాత యాంటెన్నా లేని వీధి చూడలేదు. ఆ సంక్రాంతికి మాత్రం పల్లెల్లో చాలా ఇళ్ల కప్పులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

కైకలూరు దాటాక ఎడమవైపు కొల్లేరు. అప్పటికే చేపల చెరువుల గట్లు కనిపిస్తున్నాయి. ట్రాక్టర్లు మట్టి తోలుతున్నాయి, వెదురు గంపల్లో ఐసు ముక్కల మధ్య బొచ్చెలు, శీలావతులు సర్ది లారీలకి ఎత్తుతున్నారు. కలకత్తా పోతాయట. మాకది వింతగా, సంబరంగా ఉంది. మన నీళ్లలో పెరిగిన చేప అంత దూరం వెళ్లి ఎవరి కంచంలోనో పడుతుందంటే గొప్పే కదా అనుకున్నాం. గట్లు దాటి చూస్తే ఇంకా సరస్సు మిగిలే ఉంది. గుర్రపుడెక్క, తామరాకులు, వాటి మధ్య దోనె మీద ఒక మనిషి, ఆకాశంలో బారులు తీరిన బాతులు. గుడివాడ వాడు ఎంతసేపు పిలిచినా గట్టు దిగి రాలేదు.

ఉప్పుటేరు వంతెన దాటాం. దాటగానే రెండోసారి ఆవిరి. ఆకివీడు ఇంకా రాలేదు. రోడ్డు వార పెంకుటిల్లు, ముందు గడ్డిమేటు, అరుగు మీద పండక్కి సున్నం ముగ్గులు. అరవై ఏళ్ల పెద్దావిడ బయటికొచ్చింది.

"ఏటయ్యిందండీ బాబూ బండికి?"

నీళ్లు కావాలన్నాం. ఆవిడ లోపలికెళ్లి ఇత్తడి బిందె చంకనెత్తుకుని వచ్చింది. అయ్యో, తాగడానికి కాదండీ, బండికి, కాలవలో ముంచుకుంటాం అన్నాను.

"దాళ్వాకి వదిలిన కొత్త నీళ్లండి, ఎర్రగా బురదగా ఉన్నాయి. బండికైతే మాత్రం బురద నీళ్లెలా పోస్తారు?" అంది. దాళ్వా అంటే అక్కడి రెండో పంట వరి.

ఆ బిందెలో నీళ్లు గాజులా ఉన్నాయి. చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్లు. కుండ లోపలి అంచుకి గింజని నాలుగు చుట్లు రుద్ది, రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టంతా అడుగుకి పోతుందని, తెల్లారి పైతేట ఇంకో బిందెలోకి వంచుకుంటామని చెప్పింది. ఇంటిల్లిపాదీ తాగడానికి ముందురోజు రాత్రి తేర్చి పెట్టుకున్న నీళ్లు అవి. సగం బిందె మా బండికి పోసేసింది. మిగతా సగం మా నలుగురికీ చెంబుతో ఇచ్చింది. నేను తాగి, "భలే తియ్యగా ఉన్నాయండీ" అన్నాను.

"ఉండవేటండీ మరి! ఉప్పుటేరు అవతల మీ కృష్ణ నీళ్లు, ఇవతల మా గోదారి నీళ్లు" అంది, గోదారి తన పుట్టింటిదైనట్టు.

అది మాట వరసకి అన్నది కాదని ఆ తర్వాత పది నిమిషాల్లో అర్థమైంది. అప్పటిదాకా నీరు లేని మినుము చేలు. ఇక్కణ్నుంచి ఎటు చూసినా నీళ్లే. దమ్ము చేసిన చేలల్లో ఆకాశం కనిపిస్తోంది. దాళ్వా ఊడ్పులు. ఆడవాళ్లు వరసగా వంగి నాటుతూ వెనక్కి నడుస్తుంటే, వాళ్ల ముందు ఖాళీ నీరు గీతలు గీతలుగా పచ్చబడుతోంది. ఒకే డెల్టా అనుకునేవాణ్ని. మధ్యలో ఒక ఏరు దాటితే పంట మారింది, రంగు మారింది, మాట చివర "అండి" చేరింది.

2023 జనవరిలో ముగ్గురం మళ్లీ ఆ దారిన వెళ్లాం. తెనాలి వాడు డల్లాస్ నుంచి రావాల్సింది, కుదర్లేదు. అద్దెకి తీసుకున్న పెద్ద కారు, ఏసీ, డ్రైవరు. ముదినేపల్లి నుంచి భీమవరం దాకా రోడ్డుకి రెండువైపులా చెరువులే. నీళ్ల మీద ఏరియేటర్లు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి, గట్ల మీద కొబ్బరిచెట్లు, మేత బస్తాలు, కరెంటు తీగలు, ఐసు ఫ్యాక్టరీలు. కైకలూరు ఇప్పుడు కృష్ణా జిల్లా కాదు, ఏలూరు జిల్లా. కొల్లేరులో 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు పేల్చి సరస్సుని తెరిచింది కానీ, ఆ రోడ్డు మీద నుంచి చూస్తే ఎక్కడ సరస్సో, ఎక్కడ చెరువో నాకు తెలియలేదు. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటున్నాయని తెలిసి అక్కడికి మాత్రం వెళ్లాం. వందల పక్షులు. గుడివాడ వాడు మళ్లీ పిలిస్తే రాలేదు.

రైతుల్ని నేను తప్పుపట్టను. శివారు భూములకి దాళ్వా నీళ్లు అందని ఏళ్లు ఎన్నో చూశారు. వరి వేస్తే కూలి ఖర్చులు రాని ఏళ్లు చూశారు. 2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టుకున్నారు. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య ఎకరం ఉన్నవాణ్ని కూడా లక్షాధికారిని చేసింది, తెల్లమచ్చ తెగులు వచ్చి మళ్లీ అప్పుల్లోకి దించింది, తర్వాత వనామీ రొయ్య వచ్చింది. వాళ్ల పిల్లలు చదువుకున్నారు, మేడలు లేచాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, ఆకివీడుకి ముందు ఒక బడ్డీ దగ్గర కారాపి తాగడానికి నీళ్లడిగినప్పుడు, ఆ కుర్రాడు సీసా ఇచ్చి, "కాలవ నీళ్లు గొడ్లకే పెట్టడం లేదండి ఇప్పుడు" అన్నప్పుడు, నాకు గొంతు పట్టేసింది. కొట్టు ముందు ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ పెద్దావిడ ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. మా కారుకి నీళ్ల అవసరమే రాలేదు. ఇప్పటి బండ్లలో సీలు చేసిన కూలెంటు ఉంటుంది.

మళ్లీ 1987కి వస్తాను.

భీమవరం, పాలకొల్లు దాటి నరసాపురం చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. విజయవాడ నుంచి నూట ముప్పై కిలోమీటర్లు పైచిలుకు, ఎనిమిది గంటలు. మాధవాయిపాలెం రేవులో మొదటిసారి వశిష్ఠని చూశాను. కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ని, నది నాకు కొత్త కాదు. కానీ సముద్రం దగ్గరపడ్డాక నది అంత నెమ్మదిస్తుందని, నీరు ఎటు పోతోందో కూడా తెలియనంత వెడల్పవుతుందని తెలియదు.

అవతల సఖినేటిపల్లి. మధ్యలో పంటు. రెండు పెద్ద పడవల్ని జత చేసి పైన బల్లలు పరిచింది. దాని మీదికి రెండు పలకల వంతెన వేశారు. ఫియట్‌ని ఆ రెండు పలకల మీద నుంచి ఎక్కించాలి. పంటు సరంగు, సన్నటి మనిషి, నన్ను చూసి, "మీరు నా చేతిని చూడండి బాబూ, నీళ్లకేసి చూడకండి" అన్నాడు. ఆయన చెయ్యి కొంచెం కుడికంటే కుడికి, ఎడమకంటే ఎడమకి. పలకలు కిర్రుమన్నాయి, పంటు ఒక పక్కకి ఒరిగింది, మళ్లీ సర్దుకుంది. చక్రాల కింద ఇటుకలు పెట్టాడు. మా కారు పక్కన రెండు గేదెలు, కొబ్బరి పీచు మోపులు, సైకిళ్లు, పండక్కి పుట్టింటికి వెళ్తున్న కొత్త పెళ్లికూతురు, ఆవిడ ట్రంకు పెట్టె, పెట్టె మీద కూర్చున్న తమ్ముడు. నరసాపురం లేసు అల్లికల మూట ఒడిలో పెట్టుకుని ఒకామె ఆ కాసేపట్లో కూడా కొక్కెం సూదితో అల్లుతూనే ఉంది. గట్టు దూరమవుతుంటే ఎవరూ మాట్లాడలేదు. నది మధ్యలో ఎండ వాలి నీరంతా రాగిరంగు తిరిగింది. సరంగు చేదతో నది నీళ్లే ముంచి నా చేతికిచ్చాడు: "ఇక్కడ పోటు మీద ఉప్పు తగులుద్దండి. మీ బండికొద్దు. మొహం కడుక్కోండి." షరతు సంగతి ఆయనకి నేను చెప్పలేదు. రేవుకి వచ్చే బండ్లన్నింటి సంగతీ ఆయనకి తెలుసు.

ఆ రాత్రి అంతర్వేది సత్రంలో పడుకున్నాం. నది సముద్రంలో కలిసే చోటు వెన్నెల్లో చూసి వచ్చాం. తెల్లవారుజామున, బాబాయి రెండో షరతు తప్పి, చీకటుండగానే రాజోలు వైపు బయల్దేరాం. ఆ తప్పు చెయ్యకపోతే కోనసీమ భోగి మాకు కనిపించేది కాదు. ప్రతి ఊరి మలుపులోనూ మంట. తాటాకులు, కొబ్బరి డొక్కలు, విరిగిన కుర్చీలు, పిడకల దండలు. మంట చుట్టూ దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్లు, గెంతుతున్న పిల్లలు. ఒక ఊళ్లో మంట రోడ్డు సగం దాకా వచ్చింది. మేం ఆగితే పిల్లలు కారు చుట్టూ చేరి మా చేతుల్లో తలా ఒక పిడక పెట్టారు, మీరు కూడా వెయ్యండి అని. వేశాం. కొబ్బరితోటల మధ్య పొగమంచు, ఆ మంచులో దూరంగా ఇంకో ఊరి మంట ఎర్రగా కనిపించడం, మళ్లీ తోటల వెనక్కి పోవడం, మళ్లీ ఇంకొకటి. పది పదిహేను కిలోమీటర్లు అలా మంట నుంచి మంటకి వెళ్లాం.

పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు. కింద నది, నది మీద కమానులు, కమానుల మీద కాలవ. నీటి మీద నీరు పోవడం చూసి ఇంజనీరింగు చదువుతున్న నలుగురం నోరు తెరుచుకుని నిలబడ్డాం. కాటన్ దొర కాలం నాటి పని అది. ఆ పక్కనే కొత్తది కట్టాక దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిన ప్రతి బాటసారికీ ఏ వేళప్పుడైనా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1909లో పోయారు. అక్కడ మేం రేడియేటరు మళ్లీ నింపుకుంటుంటే ఎదురింట్లోవాళ్లు మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. పొంగలి, గుమ్మడికాయ పులుసు. ఆ ఇంటి గోడల మీద నా భుజం కంటే ఎత్తున మట్టి చార. అంతకు అయిదు నెలల ముందు, 1986 ఆగస్టులో వచ్చిన వరద మిగిల్చింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి ఎక్కిన గోదావరి అది. పండక్కి ఇల్లంతా సున్నం కొట్టుకున్నారు కానీ ఆ ఒక్క చారా మూరెడు మేర అలాగే ఉంచారు. ఎందుకండీ అంటే, ఇంటి పెద్దాయన, "గుర్తుండాలి కదండీ, ఎక్కడిదాకా వచ్చిందో" అన్నాడు.

అమలాపురం వాడి ఇంట్లో మూడు రాత్రులు. మండువా ఇల్లు, వాళ్ల నాయనమ్మ, పన్నెండుమంది పిల్లలు. వాటి గురించి రాస్తే ఇంకో పెద్ద కథ. కనుమ సంగతి మాత్రం చెప్పాలి.

జగ్గన్నతోట అంటే గుడి కాదు, గోపురం లేదు. మొసలపల్లి దగ్గర ఒట్టి కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, కనుమనాడు ఆ తోటలో కలుసుకుంటారు. వెదురు బద్దలతో కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, గంటలు, పూలదండలు కట్టిన ఎత్తైన ప్రభల మీద స్వాముల్ని పెట్టి భుజాల మీద మోసుకొస్తారు. కారు ఊళ్లోనే వదిలేసి నడిచి వెళ్లాం. గంగలకుర్రు వైపు ప్రభలు రోడ్డున రావు. కౌశిక కాలవలో దిగి, నీళ్లలోంచి, పీకల్లోతులో మోసేవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుంటూ, "శరభా! అశ్శరభా!" అని అరుస్తూ గట్టెక్కిస్తారు. ఆ అరుపు ఒంట్లోకి దిగుతుంది. ప్రభ ఒకసారి ఇటు ఊగింది, జనం ఒక్కసారి హా అన్నారు, నా పక్కన ముసలమ్మ రెండు చేతులూ ఎత్తేసింది. ప్రభ నిలబడింది.

కాలవ దాటాక చేలు. కొత్తగా ఊడ్చిన దాళ్వా చేలు. ప్రభలు వాటి మీద నుంచే వెళ్లాయి. వెనక వేలమంది. అమలాపురం వాడి బాబాయిది ఆ దారిలో ఎకరంన్నర. మొన్నే ఊడ్పు అయింది. చూస్తుండగా అంతా బురద. నేను ఉండబట్టలేక, "అయ్యో, ఊడ్చిందంతా పోయిందేమోనండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. "స్వామి నడిచిన చేనండీ ఇది. రెండు బస్తాలు ఎక్కువే పండుద్ది. పక్కచేనోడికి బెంగ, వాడి దారిన రాలేదని."

2023లో ఆ కనుమకి కూడా అక్కడే ఉన్నాం. ప్రభలు ఇంకా ఎత్తు పెరిగాయి, జనం పెరిగారు, చేతుల్లో ఫోన్లు పెరిగాయి. కానీ ఆ కాలవలో దిగేవాళ్లు అలాగే దిగారు, చేలు అలాగే తొక్కనిచ్చారు. పదిరోజుల తర్వాత గణతంత్ర దినోత్సవ పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఆ ప్రభల తీర్థమే వచ్చింది. టీవీ ముందు కూర్చుని ముగ్గురం ఫోన్లో ఒకళ్లకొకళ్లం "శరభా" అని అరుచుకున్నాం. డల్లాస్ నుంచి నాలుగోవాడు కూడా.

ముక్కనుమనాడు ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లికి దాటాం. అది గౌతమి. జనవరికి నీరు తగ్గి ఇసుక మేట బయటపడింది. పంటు ఆగేచోటికి గట్టు నుంచి చాలా దూరం ఇసుకలో నడవాలి. మనుషులకి పర్వాలేదు, మా ఫియట్ వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. ఎక్సలేటరు తొక్కినకొద్దీ ఇంకా లోతుకి. రేవులో కొబ్బరికాయల సైకిళ్లవాళ్లు చూసి, మమ్మల్ని అడక్కుండానే మట్టలు తెచ్చారు. ఎండు కొబ్బరిమట్టలు, చక్రాల కిందికి అడ్డంగా, వేళ్లలా ఒకదాని మీద ఒకటి. పదిమంది వెనక చేతులేశారు. "ఐలేసా" మీద బండి మట్ట మీదికి ఎక్కింది. నాలుగు గజాలు పోగానే వెనక మట్టలు తీసి ముందు పరిచారు. అలా మట్టల దారి వేసుకుంటూ నది దాకా తీసుకెళ్లారు. డబ్బులివ్వబోతే ఒకాయన, "రేవులో డబ్బులు పుచ్చుకోకూడదండి" అన్నాడు. అది ఎక్కడి కట్టుబాటో నేను అడగలేదు. అరిసెల డబ్బా ఖాళీ చేసి ఇచ్చాం.

ఆ రేవు పక్కనే ఎప్పుడో రైలు నడిచిందని పంటు మీద ఒక పెద్దాయన చెప్పాడు. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చేదట, రెండో ప్రపంచయుద్ధంలో పట్టాలు పీక్కుపోయారట. ఆయన చిన్నప్పుడు ఎక్కాడు. "మళ్లీ వేస్తారంటారు" అన్నాడు. వేశారు, 2004లో. ఇప్పుడు గౌతమి మీద రైలు వంతెనకి స్తంభాలు కూడా లేచాయి. 2023లో చూసినప్పుడు వాటి మీద ఇంకేమీ లేదు, నీళ్లలో వరసగా నిలబడి ఉన్నాయి. దిగువన యానాం - ఎదుర్లంక వంతెన 2002లోనే వచ్చింది. దాని మీదుగా వస్తే నది నాలుగైదు నిమిషాలు కూడా పట్టదు. ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లకి, పరీక్షకి వెళ్లే పిల్లలకి ఆ వంతెన ఎంత మేలో అమలాపురం వాడు చెప్తే విన్నాను. వాడి చెల్లెలు పంటు కోసం ఎదురుచూస్తూ రేవులోనే ప్రసవించింది ఒకప్పుడు. అది విన్నాక పంటు పోయిందని బాధపడటం నాకు తగదనిపించింది. అయినా 2023లో మేం ఆ వంతెన ఎక్కలేదు. కోటిపల్లి పంటు అప్పటికి ఇంకా నడుస్తోంది, దాని మీదే దాటాం.

ద్రాక్షారామం, కాకినాడ గబగబా అయిపోయాయి. కాకినాడలో కాజాలు కొన్నాం, డబ్బులు అడుగంటాయి. తిరుగుదారిలో కడియం పూలతోటలు, తర్వాత ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ కట్టిన ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చి అప్పటికి అయిదేళ్లే. బ్యారేజీ పక్కన దిగి, రేడియేటరు పూర్తిగా వంపేసి, ఇదే చివరిసారని నూనె డబ్బాతో గోదారి నీళ్లు తెచ్చి నిండా పోశాం. అమలాపురం వాడు ఒక సీసాలో కూడా పట్టాడు, హాస్టల్‌కి. విజ్జేశ్వరం, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు. జాతీయ రహదారి అప్పుడు రెండే వరసలు, ఎదురుగా లారీలు లైట్లు డిమ్ము చెయ్యకుండా వచ్చేవి. చీకటి పడకముందే చేరాలని మొదటి షరతు కూడా కొంచెం తప్పాం. ఆ సాయంత్రం చల్లగా ఉండటం వల్లో, నిండా మంచినీళ్లుండటం వల్లో, బండి ఒక్కసారి కూడా ఆవిరి కక్కలేదు.

పటమటలో ఇంటి ముందు ఆపేసరికి దీపాలు పెట్టేశారు. బాబాయి వీధిలోకి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మడ్‌గార్డు లోపల ఇరుక్కున్న కొబ్బరి మట్ట ముక్క తీసి చూశాడు. ఇసుక రాలింది. ఏమీ అనలేదు. బానెట్ ఎత్తి, కాసేపాగి, మూత తిప్పి లోపలికి వేలు పెట్టి చూశాడు.

"ఎక్కడి నీళ్లురా ఇవి?"

"గోదారివి బాబాయ్. ధవళేశ్వరం దగ్గర పట్టాం."

"దార్లో ఎక్కడా బోరు నీళ్లు పొయ్యలేదు కదా?"

"లేదు. ఆకివీడు దగ్గర ఒకావిడ చిల్లగింజ వేసి తేర్చిన తాగే నీళ్లు పోశారు."

బాబాయి నాకేసి చూశాడు. మర్నాడు పొద్దున్న మెకానిక్‌ని పిలిచి రేడియేటరు ఊడదీయించి సున్నం గీకించబోతున్నాడట. కింద బకెట్ పెట్టి కుళాయి తిప్పాడు. నీళ్లు కొంచెం తుప్పు రంగులో, వెచ్చగా పడుతున్నాయి. బకెట్ నిండగానే నేను తీసుకెళ్లి వీధి కాలవలో పారబొయ్యబోయాను.

"ఒరేయ్, ఆగు" అన్నాడు. "కాలవలో పొయ్యకు. చల్లారనిచ్చి ఆ మందారానికి పొయ్యి."